వేఱు కాపురము

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన తెలుగు లిపియందలి సంయుక్తాక్షర మొకటి, అందును 'జ్ఞానము' అను పదమునకు శిరస్సువంటి యక్షరము, దేశదేశములలోని ఐఫోనులను స్తంభింపజేసినది. జకారమునకు పొల్లు, దాని వెంట ఞకారము, పిమ్మట కంటికి కానరాక అక్షరముల కలయికను మాత్రము నిరోధించు గుప్తసంకేత మొకటి, తుదకు దీర్ఘము: ఈ సంకేతములు ఈ వరుసలోనే కూడిన చిన్న సందేశ మేదైన తెరపై రూపు దాల్పబోవు నంతలో, అక్షరములను పేర్చి చిత్రించు కోర్‌టెక్స్ట్ అను భాగము లెక్క తప్పి మెమొరీని చెఱచెడిది, ఆ సందేశమును చూపబోయిన యాప్ కూలిపోయెడిది, నోటిఫికేషనుగా వచ్చెనేని ఫోనే మరల మరల మొదటినుండి ప్రారంభ మగుచు ఉపయోగమునకు రాక యుండెడిది. మాక్ కంప్యూటర్లకును ఇదే యవస్థ. ఆ గుప్తసంకేతము మన కపరిచితమైనది కాదు. 'హార్డ్‌డిస్కు' వంటి యరువుమాటలను వ్రాయునపుడు పొల్లును విడిగా నిలుపునది అదియే. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19వ తేదీన ఐఓఎస్ 11.2.6ను, మాక్ ఓఎస్ హై సియెరాకు ఒక యనుబంధ సవరణను విడుదల చేసి ఆ దోషమును తొలగించెను.

ఈ వృత్తాంతమునందు నన్ను మిక్కిలి యాలోచింపజేసిన విశేష మొకటి కలదు. ఆ దినములలో పరీక్షార్థము ప్రజల చేతులలో నున్న ఐఓఎస్ 11.3 బీటా ఈ దోషమునకు లోబడలేదు. సంపూర్ణమైనదని లోకమున కందిన దానియందు దోషము, అసంపూర్ణమని హెచ్చరికతో నిచ్చిన దానియందు నివారణము! బీటా వ్యవస్థ కేవలము కుతూహలపరుల వినోదవస్తువు కాదనియు, మన భాష రేపు తెరమీద నెట్లు నిలుచునో ముందుగా కనబడు చోటు అదియే యనియు నాకు అప్పుడు దృఢముగా తోచినది. తెలుగును నిత్యము చదివి వ్రాయువారు తెలుగును పరీక్షింపకున్నచో, ఆ పనిని మనకొఱకు మఱెవ్వరు చేయుదురు? అయితే ఈ సేవకై మన వ్రాతలను, కుటుంబ ఛాయాచిత్రములను, జీవనోపాధిని పణముగా నొడ్డ నక్కఱలేదు. బీటాకు వేఱొక డ్రైవునందు వేఱు కాపురము పెట్టినచో చాలును. కాని అన్నదమ్ములు వేఱుపడి నడుమ గోడ కట్టుకొన్నను వీధి గుమ్మ మొకటే కావచ్చును, పెరటి బావి యొకటే కావచ్చును. డ్రైవు వేఱైనంత మాత్రమున ఏవి నిజముగా వేఱైనవి, ఏవి యింకను ఉమ్మడిగానే మిగిలినవి యని తెలిసికొనుటయే ఈ యధ్యాయమునకు ప్రాణము.

గ్రీకు వర్ణమాలలో బీటా రెండవ యక్షరము. నిర్మాతలు తమలో తాము పరీక్షించుకొను దశకు ఆల్ఫా యనియు, వెలుపలివారి చేతికిచ్చి పరీక్షింపజేయు దశకు బీటా యనియు వాడుక. 2000వ సంవత్సరము సెప్టెంబరు 13న ప్యారిస్ నగరమున ఆపిల్ సంస్థ 'మాక్ ఓఎస్ టెన్ పబ్లిక్ బీటా'ను ప్రకటించి, దానికి 29.95 డాలర్ల వెల పెట్టెను. అనగా దోషములను వెదకిపెట్టువారే వెల చెల్లించి తెచ్చుకొనిరి. అది పాత మాక్ వ్యవస్థకు మెఱుగు కాదు. యునిక్స్ పునాదిపై లేచిన క్రొత్త కట్టడము. 2001 మే 14 తర్వాత పనిచేయకుండునట్లు దానికి గడువును ఏర్పఱచిరి. సంపూర్ణరూపము ఆ సంవత్సరము మార్చి 24ననే వెలువడినది. ఇట్టి గడువులు పరీక్షావ్యవస్థల కిప్పటికిని కలవు గనుక, బీటాను శాశ్వత నివాసముగా నెంచుట మొదటినుండియు పొరపాటే. 2014 మొదలుకొని ఆపిల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రెండును సామాన్యులు సయితము వెల లేకయే బీటాలను పొందునట్లు ద్వారములు తెఱచినవి; అప్పటినుండియే వేఱు డ్రైవు ప్రశ్న నిపుణుల గదులు దాటి ఇంటింటికి వచ్చినది.

బీటాను తమ ముఖ్య డ్రైవుమీదనే స్థాపించుకొన్నవారికి ఏమి సంభవించునో 2017వ సంవత్సరపు గ్రీష్మము చక్కగా చూపినది. ఆ సంవత్సరము హై సియెరాతో ఆపిల్ తన ఫైల్ సిస్టమును, అనగా డ్రైవునందు ఏ ఫైలు ఎచ్చట నున్నదో లెక్క వ్రాయు పద్ధతినే, మార్చి ఏపీఎఫ్‌ఎస్ అను నూతన పద్ధతిని ప్రవేశపెట్టుచుండెను. అప్పటి కొన్ని మాక్‌లలో ఫ్యూజన్ డ్రైవు లుండెడివి. వేగముగల ఎస్‌ఎస్‌డీని, విశాలమైన హార్డ్‌డిస్కును కలిపి ఒక్కటిగా చూపు నేర్పు వానిది. తొలి బీటాలు ఆ డ్రైవులను సయితము ఏపీఎఫ్‌ఎస్‌లోనికి మార్చినవి. కాని సెప్టెంబరు 25న వెలువడిన సంపూర్ణరూపము ఫ్యూజన్ డ్రైవులను విడిచిపెట్టినది. బీటాను నమ్మి మార్పునకు లోనైనవారు సమస్తమును బ్యాకప్ చేసికొని, డ్రైవును తుడిచి, పాతపద్ధతిలో మరల ఫార్మాట్ చేసి, వ్యవస్థను తిరిగి స్థాపించుకొనవలసి వచ్చెను. ఇందు ఎవ్వరి దుర్బుద్ధియు లేదు; పరీక్ష యన్న నిట్లే యుండును. పైకప్పు నచ్చకున్న దింపవచ్చును గాని, మనము లోపల నిద్రించుచుండగా పునాది మార్చిన యింటిని మరల యథాస్థితికి తెచ్చుట సులభము కాదు.

వేఱు డ్రైవు ఎందులకు, ఉన్న డ్రైవునే రెండు భాగములు చేసిన చాలదా యని ప్రశ్నింపవచ్చును. ఏపీఎఫ్‌ఎస్‌లో నిది మఱింత సులభము. ఒక కంటెయినరులో పెక్కు వాల్యూములను చేర్చవచ్చును, ఖాళీస్థలమును అవి యన్నియు పంచుకొనును, ఏదియు చెరపనక్కఱలేదు. ఆపిల్ సంస్థయు ఈ మార్గమును అంగీకరించినదే. అయినను నా యభిప్రాయము దీనికి ప్రతికూలము. ఆ వాల్యూము లన్నిటికిని ఖాళీస్థలపు లెక్క వ్రాయు పద్దుపుస్తక మొక్కటే. ఆ పుస్తకమున వ్రాయు చేయి బీటాలో నింకను పరీక్షకు లోనై యున్న చేయి. దానికి తోడు, డ్రైవు మొదటను, నకలుగా చివరను, జీపీటీ యను విభజనపట్టిక యుండును. ప్రతి భాగమునకు 128 బిట్ల గుర్తింపుసంఖ్య నిచ్చి, ఏ భాగ మెచ్చట మొదలై యెచ్చట ముగియునో చెప్పునది అదియే. ఆ పట్టికయు దాని నకలును చెడినచో భాగము లన్నియు కనుమఱుగగును. ఒకే కుండలో పాలును మజ్జిగయు నడుమ పలక పెట్టి పోయుటకంటె రెండు కుండలు మేలు కదా.

డ్రైవును ఎన్నుకొనుటలో పాత హార్డ్‌డిస్కును వెదకి తీయవలెనను కోరిక సహజమే గాని, అది పరీక్షను పాడు చేయును. నిమిషమునకు 7200 మారులు తిరుగు డిస్కు ఒక ప్రదక్షిణమునకు 8.3 మిల్లీసెకన్లు తీసికొనును. కావలసిన చోటు చదువు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము పట్టును, ముల్లు కదలుటకు పట్టు కాలము వేఱు. ఆపరేటింగ్ సిస్టము మేల్కొనునపుడు వేలకొలది చిన్న ఫైళ్లను అటునిటు వెదకికొనును గనుక ఈ చిల్లర కాలములు కూడి నిమిషములగును. ఏపీఎఫ్‌ఎస్ పాత వ్రాతమీద దిద్దక, మార్పును క్రొత్త చోట వ్రాసి పిదప సూచికను మార్చునది. విద్యుత్తు హఠాత్తుగా పోయినను పాతప్రతి చెడకుండుట దీని సుగుణము, కాని తిరుగుడు డిస్కుపై ఫైళ్లు ముక్కలై చెదరుట దీని ఫలము. తిరుగు భాగములు లేని ఎస్‌ఎస్‌డీలో ఏ చోటికైనను చేరుట మిల్లీసెకనులో చిన్న పాలు మాత్రమే. హార్డ్‌డిస్కుపై బీటాను నడుపువాడు డిస్కు మాంద్యమును చూచి వ్యవస్థ దోషమని నివేదించు ప్రమాదము కలదు. పెన్‌డ్రైవు ఇంకను తగదు. అది నిరంతరము వ్రాతపనికి ఉద్దేశింపబడినది కాదు. 128 జీబీకి తగ్గని యొక బాహ్య ఎస్‌ఎస్‌డీ, దానితో వచ్చిన మంచి కేబులు, నేను సూచించునవి. అప్‌డేటు వచ్చినపుడు క్రొత్తదియు పాతదియు కొంతసేపు ప్రక్కప్రక్కన నుండవలసి వచ్చును గనుక స్థలమున పిసినారితనము పనికిరాదు.

ఇక బ్యాకప్ మాట. ఫొటోగ్రాఫరైన పీటర్ క్రోగ్ ప్రచారము చేసిన నియమము ప్రసిద్ధమైనది: మూడు ప్రతులు, రెండు విధములైన నిల్వలు, అందొకటి ఇంటికి వెలుపల. మాక్‌లో 2007 నుండి టైమ్ మెషిన్ ఉన్నందున తొలి యడుగు సులభమే. కాని బ్యాకప్ తీసితిమన్న తృప్తికిని, ఆ బ్యాకప్‌నుండి ఒక ఫైలును తిరిగి రప్పించి తెఱచి చూచితిమన్న నిశ్చయమునకును చాల దూరము కలదు. నేనెఱిగిన యొక మిత్రుడు తన తల్లి పాడిన మంగళహారతులను, పెండ్లిపాటలను ఏండ్ల తరబడి రికార్డు చేసి యొక బాహ్య డ్రైవులో దాచుకొనెను. పరీక్షకై క్రొత్తగా కొన్న డ్రైవు కూడ అదే తయారీది, అదే పరిమాణము, తెరమీద రెండింటికి నొకటే పేరు. రెండును ఒకేసారి తగిలించి యుండగా తుడిచివేయు బొత్తాము నొక్కినపు డాతడు చూచినది పేరునే. ఆ తల్లి యప్పటికి లేదు. మఱియొక ప్రతి యున్న దనుకొన్న డిస్కును తెచ్చి చూడగా అందు పాటల సంచికి పేరు మాత్రమే యున్నది, లోపల శూన్యము. ఆనాటినుండి నేను బీటా పని మొదలుపెట్టుటకు ముందు, ఆ పనికి అక్కఱలేని ప్రతి డ్రైవును, బ్యాకప్ డ్రైవుతో సహా, ఊడదీసి వేఱొక గదిలో పెట్టుదును. పరీక్షా డ్రైవునకు తెరమీద ప్రత్యేకమైన పేరును పెట్టి, దాని డొక్కపై రంగు కాగితమును తప్పక యంటింతును.

మాక్‌లో స్థాపన చేయు క్రమము నిజమునకు స్వల్పమైనది. డిస్క్ యుటిలిటీ మొదట వాల్యూములను మాత్రమే చూపును. మెనూలో సమస్త పరికరములను చూపుమని కోరి, బాహ్య డ్రైవు మూలమునే ఎన్నుకొని, ఏపీఎఫ్‌ఎస్ పద్ధతి, జీయూఐడీ పట్టిక (పైన చెప్పిన జీపీటీయే) యని నిర్ణయించి తుడువవలెను. పిమ్మట నేను మెచ్చిన మార్గము కొంచెము చుట్టైనను క్షేమకరము. పూర్తియైన, విడుదలైన వ్యవస్థనే మొదట ఆ బాహ్య డ్రైవుమీద స్థాపించి, దానినుండి యంత్రమును మేల్కొలిపి, అచ్చటి సెట్టింగులలో మాత్రమే బీటా అప్‌డేట్లు కావలెనని కోరవలెను. దీనికి విరుద్ధముగా ముఖ్యవ్యవస్థనే బీటాకు నమోదు చేసినచో, ఒకనాడు తొందరలో నొక్కిన 'అప్‌గ్రేడ్' అను మాటతో బీటా నేరుగా అసలింటిలోనే కాలు పెట్టును. బాహ్య డ్రైవునుండి మేల్కొలుపుటకు ఆపిల్ చిప్పుగల మాక్‌లో పవర్ బొత్తామును నొక్కి పట్టవలెను, ఇంటెల్ చిప్పుగల దానిలో ఆప్షన్ మీటను. టీ2 చిప్పు గల ఇంటెల్ మాక్‌లలో బాహ్య డ్రైవులకు ముందుగా అనుమతి నీయవలసి యుండును. ఆపిల్ చిప్పుల మాక్‌లలో డీఎఫ్‌యూ పనికి, అనగా మేల్కొనని యంత్రమును మఱియొక మాక్‌తో కోలుకొనజేయు పనికి, కేటాయించిన యూఎస్‌బీ-సీ పోర్టున కాక వేఱు పోర్టున డ్రైవును తగిలింపవలెను. ఈ చిన్న సంగతి తెలియక కేబులును, డ్రైవును, చివరకు అదృష్టమును నిందించువారు పెక్కురు.

ఇంతవఱకు గోడ కట్టితిమి. ఇప్పుడు వీధిగుమ్మమును చూతము. 2020 నవంబరున వెలువడిన ఎం1 మొదలుకొని ఆపిల్ చిప్పుల మాక్‌లలో, వ్యవస్థ బాహ్య డ్రైవునం దున్నను, తొలియడుగులు లోపలి నిల్వనుండియే పడును. చిప్పులో మార్పరాకుండ ముద్రింపబడిన బూట్ రోమ్ మొదట మేల్కొని, లోపలి నిల్వయందలి ఫర్మ్‌వేర్ సంతకమును సరిచూచి దానికి అధికార మప్పగించును; ఏ డ్రైవునందలి ఏ వ్యవస్థకు నడచుటకు అనుమతి కలదో తెలుపు పత్రమును సెక్యూర్ ఎన్‌క్లేవ్ అను రక్షకభాగము సంతకము చేసి లోపలనే దాచును. అందుచేతనే బాహ్య డ్రైవుపై స్థాపించునపుడును యంత్రపు యజమాని పాస్‌వర్డును అడుగును. లోపలి నిల్వ పూర్తిగా చెడిన మాక్‌ను బాహ్య డ్రైవు బ్రతికింపజాలదనుటకు కారణమును ఇదియే. బీటాతో పాటు ఈ ఫర్మ్‌వేర్ సయితము క్రొత్తది కావచ్చును; పరీక్ష ముగిసి డ్రైవును ఊడదీసినను ఆ మార్పు దానితో పోదు. ఎన్నడో దుర్ఘటన జరిగి యంత్రము మేల్కొననిచో, మఱియొక మాక్‌ను కేబులుతో కలిపి డీఎఫ్‌యూ స్థితిలో దానిని కోలుకొనజేయవచ్చును. అందు 'రివైవ్' అనునది ఫైళ్లను ముట్టక ఫర్మ్‌వేర్‌ను మాత్రము సరిచేయ యత్నించును. 'రిస్టోర్' అనునది సమస్తమును తుడిచివేయును. ఇంట నొకే యొక్క మాక్ ఉండి, దానిమీదనే జీవనోపాధి నడపుకొనువారు ఈ సంగతిని తూచుకొనియే ముందుకు సాగవలెను. అట్టివారికి వేఱు డ్రైవు చాలదు, వేఱు యంత్రమే కావలెనని నా నిశ్చితాభిప్రాయము.

విండోస్, లినక్స్ నడుచు కంప్యూటర్లలో ఈ ఉమ్మడిగుమ్మము మఱొక రూపమున నుండును. యూఈఎఫ్ఐ యను ఫర్మ్‌వేర్ ప్రతి డ్రైవులోని ఈఎఫ్ఐ పార్టిషనునందు బూట్‌లోడరును వెదకును. ఉబుంటు పాత ఇన్‌స్టాలరులో చిరకాలము నిలిచిన దోష మొకటి యుండెడిది: బాహ్య డ్రైవును స్పష్టముగా ఎన్నుకొన్నను, బూట్‌లోడరును మాత్రము మొదటి డ్రైవులోని ఈఎఫ్ఐ భాగమునందే వ్రాసెడిది. ఫలముగా బాహ్య డ్రైవును తీసినంతనే ముఖ్యవ్యవస్థకు దారి తప్పెడిది. దీనికి సాఫ్ట్‌వేరులో వెదకదగిన విరుగుడుకంటె, డెస్క్‌టాప్ కంప్యూటరైనచో మూత తీసి ముఖ్య డ్రైవు కేబులును ఊడదీసి స్థాపించుటయే ఉత్తమము. లేని డ్రైవుపై ఏ దోషమును వ్రాయజాలదు. బిట్‌లాకర్ ఉన్న విండోస్‌లో బూట్ క్రమము మారినట్లు తోచినచో అది 48 అంకెల రికవరీ కీని అడుగును గనుక, దానిని ముందే కాగితముపై వ్రాసి యుంచుకొనవలెను. విండోస్ 8 నుండి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వలన షట్‌డౌన్ చేసినను డ్రైవు అర్ధనిద్రలో నుండును. ఆ స్థితిలో వేఱొక వ్యవస్థ వచ్చి అందు వ్రాసినచో ఫైళ్లు చెడును. దానిని ముందుగా ఆపివేయుట మంచిది.

నడుమ తలుపొకటి యుండును, దానిని చాలమంది గమనింపరు. బీటా మేల్కొన్నంతనే తగిలియున్న డ్రైవుల నన్నిటిని, లోపలి డ్రైవుతో సహా, తెఱచుకొన యత్నించును. మాక్‌లో ఫైల్‌వాల్ట్ అను తాళము ముందే వేసి యున్నచో అది పాస్‌వర్డును అడుగును. అప్పుడు ఈయక నిరాకరించినచో లోపలి ఫైళ్లు బీటాకు అందవు. ఇంత సులభమైన రక్షణ మఱియొకటి లేదు.

అన్నిటికంటె లోతైనది బావి, అనగా క్లౌడు. ఆపిల్ ఖాతా డ్రైవునం దుండదు, సంస్థ సర్వర్లలో నుండును. రెండు కాపురములవారు అందే చేద వేయుదురు. 2019లో ఐఓఎస్ 13, మాక్ ఓఎస్ కాటలీనాలతో రిమైండర్స్ యాప్ క్రొత్తరూపమునకు మారినపుడు, ఒకమారు మార్చిన జాబితాలు పాతవ్యవస్థ గల పరికరములతో కలియకుండెను. ఫొటోల లైబ్రరీని క్రొత్తవ్యవస్థ ఒకమారు తనకు తగినట్లు మార్చినచో పాతవ్యవస్థ దానిని తెఱవకపోవచ్చును. బాహ్య డ్రైవుపై బీటాను పెట్టితిని గదా యని నిశ్చింతగా తన నిత్యపు ఖాతాతో ప్రవేశించువాడు, గోడ యింత మందముగా కట్టి, నీరు మాత్రము పరీక్షకు వదలినవా డగును. బీటాకొఱకు వేఱొక ఖాతా తెఱచుట అయిదు నిమిషముల పని. దానిని చేయక బీటాలో కాలు పెట్టరాదు.

విడుదలైన వ్యవస్థ యైనను సందేహింపదగనిది కాదు. 2018 అక్టోబరు 2న వెలువడిన విండోస్ 10 అక్టోబరు అప్‌డేటును, కొందఱి ఫైళ్లు మాయమగుచున్నవని తెలిసి మైక్రోసాఫ్ట్ సంస్థ 6వ తేదీన నిలిపివేసెను. డాక్యుమెంట్స్ వంటి సంచులను వేఱు చోటికి మళ్లించుకొన్న యంత్రములలో పాతచోట మిగిలిన ఫైళ్లను ఆ అప్‌డేటు తుడిచివేసెడిది. సవరించిన రూపము నవంబరు 13న వచ్చినది. బీటా పరీక్షకులలో కొందఱు ఈ నష్టమును ముందే నివేదించి యుండిరి. కాని తమకును అట్లే జరిగినదని వంత పలికినవారు కొలదిగా నుండుటచే ఆ నివేదికలు కుప్పలో మునిగిపోయినవి. ఆ యనుభవముతో ఆ సంస్థ, దోషము ఎంత తీవ్రమైనదో తెలుపు గడి నొకదానిని నివేదిక పత్రమున చేర్చెను. తెలుగునకు సంబంధించిన నివేదికలకు వంత పలుకువారి సంఖ్య ఎంత యుండునో ఊహింపవచ్చును. అందుచేత మన నివేదిక చూచినవాడు వెంటనే దోషమును తిరిగి పుట్టింపగలుగునంత స్పష్టముగా నుండవలెను: బీటా సంఖ్య, యాప్ పేరు, టైపు చేసిన యక్షరముల వరుస, కనబడవలసినది, కనబడినది, తెర చిత్రము.

క్రొత్త బీటా మేల్కొన్న మొదటి సాయంకాలమున నేను చేయు పని ఎల్లప్పుడు ఒక్కటే. వై-ఫై కలుపక మునుపే టెక్స్ట్ఎడిట్ తెఱచి కార్త్స్న్యము, జ్యోత్స్న, రాష్ట్రము, స్త్రీ యని వరుసగా వ్రాసి, ఒత్తులు ఒకదాని క్రింద నొకటి కుదురుగా కూర్చున్నవా, పంక్తిపై పంక్తిని తాకుచున్నవా యని చూతును. వెనుకకు చెరపు మీటను నొక్కుచు అది ఒత్తు నొకదానిని తీయుచున్నదా, అక్షరము మొత్తమును మ్రింగుచున్నదా యని గమనింతును. ఱకారముతోను క్షకారముతోను మొదలగు పేర్లు గల ఫైళ్లను సృష్టించి అకారాదిక్రమమున అవి ఎచ్చట చేరుచున్నవో చూతును. వాయిస్‌ఓవర్ చేత ఒక పేరాను చదివించి విందును. తుదకు జకారము, పొల్లు, ఞకారము వ్రాసి, ఆ గుప్తసంకేతమును చేర్చి, దీర్ఘమును నొక్కి, తెరవైపు చూతును.